పెరటి కోళ్లకు జబ్బు చేస్తే: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి చికిత్స

పెరట్లో తిరిగే కోడి రెక్కలు జార్చుకొని, ఈకలు ఉబ్బించుకొని ఒక మూల నిలబడిందంటే, దానికి జబ్బు చేసి అప్పటికే కొంత కాలమైందని భావించాలి. నీరసించిన కోడిని మిగతావి పొడుస్తాయి కనుక అది తన బలహీనతను చేతనైనంతవరకు కనపడనీయదు. అందువల్ల చూసిన రోజునే కదలాలి. అయితే మందుల దుకాణానికి వెళ్లేముందు ఒక్క విషయం తేల్చుకోవాలి: మందగించినది ఒకే కోడా, రెండు రోజుల వ్యవధిలో ఒకదాని వెంట మరొకటి మందగిస్తున్నాయా? ఒక్కటే అయితే గుడ్డు అడ్డుపడటం, మేత సంచి గట్టిపడటం, కాలి పుండు వంటివి కారణం కావచ్చు. వీటిలో చాలావాటిని ఇంటి దగ్గరే నయం చేసుకోవచ్చు. వరుసగా పడుతుంటే అది అంటువ్యాధి గాని, విషం గాని అయి ఉంటుంది, అప్పుడు మిగిలిన కోళ్లను కాపాడుకోవడమే ముందు చేయవలసిన పని.

రెండు సందర్భాలలోనూ జబ్బు కోడిని వెంటనే విడదీసి, గాలి తగిలే చోట గంప కింద గాని, పొడి గడ్డి పరిచిన అట్టపెట్టెలో గాని ఉంచాలి. మిగతా కోళ్లకు మేత, నీళ్లు పెట్టిన తరువాతే దాని దగ్గరకు వెళ్లాలి, తిరిగి వచ్చేటప్పుడు చేతులు, చెప్పులు సబ్బుతో కడుక్కోవాలి. కోడి సహజ శరీర ఉష్ణోగ్రత 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మేత మానేసిన కోడి ఆ వేడిని నిలుపుకోలేదు కనుక వర్షాకాలంలోను, చలికాలంలోను దానికి వెచ్చదనం మందుతో సమానం. నీళ్లలో ఓఆర్ఎస్ కలిపి ముక్కు అంచున చుక్క చుక్కగా అందించాలి. నాలుక వెనుక భాగంలోనే గాలి గొట్టం నోరు ఉంటుంది కాబట్టి, నోరు తెరిచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జబ్బుతో కన్నా ఇలా పోసిన నీళ్లతో చనిపోయే కోళ్లు కూడా ఉంటాయి.

ఆకుపచ్చ విరేచనాలు, ఎగశ్వాస, మెడ మెలిపడటం, వరుస చావులు

ఇది చాలావరకు కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి. నేటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో 1927లో మన దేశంలో మొదటిసారి గుర్తించినందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. కోడి నోరు తెరిచి గురక శబ్దంతో గాలి పీలుస్తుంది, తెల్లగా లేదా ఆకుపచ్చగా పారుతుంది, కాళ్లు, రెక్కలు చచ్చుబడతాయి, బతికి బయటపడిన కొన్నింటికి మెడ వంకర అలాగే మిగిలిపోతుంది. టీకా పడని మందలో దాదాపు అన్నీ చనిపోవచ్చు.

ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు కనుక దీనిని తగ్గించే మందు లేదు. మనుషులకు వాడే టెట్రాసైక్లిన్ గొట్టాలను విప్పి అన్నంలో కలిపి పెట్టడం ఊళ్లలో మామూలే గాని, ఆ మందు వైరస్‌ను ఏమీ చేయలేదు. వెల్లుల్లి, సారా, కిరోసిన్ కూడా అంతే, పైగా కిరోసిన్ విషం. చేయగలిగినదల్లా వేరుచేయడం, ఓఆర్ఎస్, వెచ్చదనం, నూక జావ. ఇంకా లక్షణాలు కనిపించని కోళ్లకు టీకా వేయవచ్చునా అన్నది పశువైద్యులను అడిగి నిర్ణయించుకోవాలి; అప్పటికే వైరస్ లోపల ఉన్న కోళ్లు టీకా వేసినా చనిపోవచ్చు.

తెగులు ఇంటికి ఎలా వచ్చిందో గమనిస్తే తరువాతిసారి ఆపవచ్చు. సంతలో అమ్ముడుపోక తిరిగి వచ్చిన పెట్ట, చుట్టాలు ఇచ్చిన పుంజు, సంక్రాంతి పందేలకు గోదావరి జిల్లాల్లో ఊరూరూ తిరిగే పుంజులు, పక్కింటివారు పారేసిన ఈకలు, పేగులు, వీటి వెంట వైరస్ వస్తుంది. తెగులు మొదలవగానే మిగిలినవాటిని చవకగా అమ్మేయడం వల్ల ఆ చావు మరో ఇంటికి చేరుతుంది. ఆ పని దయచేసి చేయవద్దు.

పిల్లల విరేచనంలో రక్తం

మూడు వారాల నుంచి రెండు నెలల వయసు పిల్లలు రెక్కలు వేలాడేసి, రక్తం కలిసిన లేదా ఇటుక రంగు విరేచనం చేస్తుంటే అది కాక్సిడియా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే రక్తపారుడు. తడిసిన నేల, నీటిగిన్నె చుట్టూ బురద, వర్షాకాలపు ఉక్క దీనికి అనుకూలం. ఇది సకాలంలో పట్టుకుంటే నయమయ్యే జబ్బు కనుక, పిల్లలున్న ఇంట్లో రోజూ ఉదయం రెట్టను చూడటం మంచి అలవాటు.

20 శాతం ఆంప్రోలియం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున కలిపి మూడు నుంచి ఐదు రోజులు ఇవ్వాలి. ఆ రోజుల్లో వేరే నీళ్లు అందుబాటులో ఉండకూడదు. ఆ మందు సూక్ష్మజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి పని చేస్తుంది కనుక, అదే సమయంలో బలానికని బి కాంప్లెక్స్ ఇస్తే మందు పని దెబ్బతింటుంది. విటమిన్లు కోర్సు అయ్యాకే ఇవ్వాలి. తడి ఊక అంతా ఎత్తి పారబోసి పొడి ఊక పరచాలి, లేకపోతే మందు ఆపగానే జబ్బు తిరిగి వస్తుంది.

తురాయిపై, కళ్ల చుట్టూ పొక్కులు

ఇది కోళ్ల మశూచి. దోమలు, గాయాలు దీనిని వ్యాపింపజేస్తాయి. దీనికీ నేరుగా పని చేసే మందు లేదు, కానీ చర్మంపై వచ్చే రకం చాలావరకు మూడు నాలుగు వారాల్లో తగ్గుతుంది. చనిపోయే కోళ్లలో చాలావరకు కళ్లు మూసుకుపోయి మేత కనపడక, ఆకలితోనే చనిపోతాయి. అందువల్ల అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో చిన్న చెంచా ఉప్పు కలిపి దూదితో కళ్లు తుడవాలి, పొక్కులకు పోవిడోన్ అయోడిన్ అద్దాలి, కన్ను తెరవలేని కోడికి చేత్తో మేత తినిపించాలి. చెక్కులను గిల్లి తీయకూడదు. గొంతులో జున్నులాంటి తెల్లని పొర కట్టి ఊపిరి ఆడకపోతే పశువైద్యుడే చూడాలి.

ముఖం వాచి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే కొరైజా కావచ్చు. దీనికి యాంటీబయోటిక్ పని చేస్తుంది, కానీ ఏది, ఎన్ని రోజులు అన్నది వైద్యుడు చెప్పాలి. ఆ రోజుల్లోను, తరువాత ఆయన చెప్పినన్ని రోజులు గుడ్లు తినకూడదు.

ఒక్క కోడికే వచ్చే ఇబ్బందులు

పెట్ట నిటారుగా నిలబడి, తోకను కిందికీ పైకీ ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందని అర్థం. మొదటి గుడ్డు, మరీ పెద్ద గుడ్డు, సున్నం లోపం కారణాలు. చేయి ఓర్చుకోగల గోరువెచ్చని నీటిలో పొట్ట మునిగేలా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, మలద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట ఉంచాలి. పొట్ట నొక్కి గుడ్డు పగలగొడితే పెంకు లోపల గుచ్చుకొని పెట్ట చనిపోతుంది. ఒక రోజులో గుడ్డు బయటకు రాకపోతే వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. ఆల్చిప్పల పొడిని ఎప్పుడూ అందుబాటులో ఉంచితే ఈ బాధ చాలా తగ్గుతుంది.

మెడ కింది మేత సంచి రాత్రికి ఖాళీ అయిపోవాలి. తెల్లవారుజామున మేతకు ముందు తడిమితే గట్టిగా తగిలిందంటే పీచు గడ్డి గాని, దారాలు గాని ఇరుక్కున్నాయి. కొన్ని చుక్కల నూనె, గోరువెచ్చని నీళ్లు పట్టించి, సంచిని మెల్లగా మర్దించి, ఒక రోజు గింజలు పెట్టకుండా ఉంచాలి. కోడిని తలకిందులుగా పట్టి కక్కించవద్దు.

మెడ మెలిపడకుండా వానపాములా వాలిపోతే అది కొక్కెర తెగులు కాకపోవచ్చు. కుళ్లిన కళేబరంపై పురుగులను తిన్న కోళ్లకు బాటులిజం విషం వల్ల ఇలా అవుతుంది. విత్తనశుద్ధి మందు పట్టించిన గింజలు, పురుగుమందు చల్లిన చేలు కూడా ఒకే పూట పలు కోళ్లను పడగొడతాయి. నోట నురగ, వణుకు దానికి గుర్తు. ఇక్కడ ప్రతి గంటా విలువైనదే, ఇంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు.

రోహిణి కార్తె ఎండలో నోరు తెరిచి రెక్కలు చాపిన కోడికి నీడ, చల్లని నీళ్లు, తడిపిన కాళ్లు చాలు. రొమ్ము ఎముక కత్తిలా తగులుతూ, తింటున్నా చిక్కిపోతుంటే నట్టల మందు తాగించాలి. పేలు, గోమార్లు ఉంటే గూటి పగుళ్లను సున్నంతో పూయాలి. పంటల పురుగుమందును కోడి ఒంటికి రాయకూడదు.

ఎప్పుడు ఇంటి వైద్యం ఆపాలి

తల, తురాయి నీలంగా మారి, ముఖం ఉబ్బి గాని, చెప్పుకోదగ్గ లక్షణాలేవీ లేకుండానే గాని ఒక రోజులో పలు కోళ్లు చనిపోతే బర్డ్ ఫ్లూను అనుమానించాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలలో ఇది నిర్ధారణ అయింది. ఇది మనుషులకూ సోకగలదు. చచ్చిన కోళ్లను ఉత్త చేతులతో తాకకుండా, కోసి వండకుండా, పశువైద్యశాలకు గాని, సంచార పశువైద్య సేవల నంబరు 1962కు గాని చెప్పాలి. వారు చెబితే, అప్పుడే చనిపోయిన కోడిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఐసుపై ఉంచి పరీక్షకు అప్పగించాలి. చనిపోయిన కోడి నుంచి తెలిసే కారణమే మిగిలినవాటిని బతికిస్తుంది.

కోడి పోయిన తరువాత

ఎముక లేచిన కోడి నీళ్లు కూడా మింగలేక, నిలబడలేక బాధపడుతుంటే, ఆ బాధను తొందరగా ముగించమని పశువైద్యుని అడగడం దయగల పనే. దానిని కోయించి తినడం వేరు, నొప్పి లేకుండా పంపించడం వేరు.

కళేబరాన్ని బావికి, కాలువకు దూరంగా కనీసం మూడు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. పిల్లలకు కోడిని ఊరికి పంపించామని చెప్పవద్దు. జబ్బు చేసి చనిపోయిందని చెప్పి, దూరం నుంచి గోతిపై పూలు వేయనివ్వాలి. చేతిలో గింజలు తిని, పిలిస్తే వచ్చిన ప్రాణి అది. "కోడికి కూడా ఏడుస్తారా" అనే మాటకు తలవంచవలసిన అవసరం ఎవరికీ లేదు. గుడ్ల డబ్బుతో పిల్లల పుస్తకాలు కొన్న ఇల్లాలికి ఒక వారంలో మంద అంతా పోవడం ఆదాయం పోవడం కూడా, ఆ రెండు దుఃఖాలూ నిజమైనవే.

"ముందే చూసి ఉంటే బతికేదేమో" అన్న ఆలోచన చాలామందిని వేధిస్తుంది. గుడ్డు అడ్డుపడటంలో, రక్తపారుడులో అది కొంతవరకు నిజమే. కొక్కెర తెగులులో మాత్రం మెడ వంకరపోయిన కోడిని ఏ ఆసుపత్రీ ఖాయంగా బతికించలేదు. అక్కడ తేడా తెచ్చేది లక్షణాలకు ఎన్నో వారాల ముందు పడే టీకా ఒక్కటే.

గూడును కడిగి, ఎండబెట్టి, సున్నం వేసి కనీసం ఒక నెల ఖాళీగా ఉంచాలి. కొత్త కోళ్లను తెచ్చినప్పుడు మూడు వారాలు వేరుగా పెంచాలి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో లేదా ముక్కులో చుక్కగా లసోటా అనే కొక్కెర తెగులు టీకా, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో రెక్క కింద అదే తెగులుకు ఆర్2బి అనే మరో టీకా వేయించాలి. మశూచి టీకా ఆరో వారం ప్రాంతంలో పడుతుంది. టీకా సీసా సాధారణంగా 100 డోసులకు తక్కువ ఉండదు, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి, ఐసుపైనే తేవాలి. పది కోళ్లున్న ఇంటికి అది సాగదు కనుక, వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే రోజు కుదుర్చుకొని పశువైద్య సిబ్బందిని పిలిపించుకోవడం మంచిది.