ఇంట్లోవాళ్ల ఎదిరింపు, రాత్రిళ్లు భయం: నాకు పనిచేసింది ఇది

మాది గుంటూరు బ్రాడీపేట. నేను బాప్తిస్మం తీసుకున్నాక మా అన్నయ్య ఇంటికి రావడం మానేశాడు, పైగా ఫ్యామిలీ గ్రూపులో రోజూ తిట్లు, రాత్రి రెండింటికి గుండెదడతో లేచి కూర్చునేదాన్ని. వాదించా, బ్లాక్ చేశా, మూడ్రోజులు ఉపవాసం ఉన్నా, ఏదీ పనిచేయలా.

పనిచేసింది బైబిల్లోని 2 రాజులు 19:14. అష్షూరు రాజు సన్హెరీబు బెదిరిస్తూ పంపిన ఉత్తరాన్ని యూదా రాజు హిజ్కియా మందిరంలోకి తీసుకెళ్లి యెహోవా సన్నిధిలో పరిచాడు కదా, నేనూ అదే చేశా. ముందు డేటా ఆఫ్ చేసి, అన్నయ్య మెసేజ్‌లన్నీ ఒక్క మాట మార్చకుండా తెల్లకాగితం మీద రాశా (రాస్తుంటేనే ఏడుపొచ్చేసింది), తెల్లారి నాలుగున్నరకి దాన్ని నేలమీద పరిచి మోకరించి పైకి చదివా, ఒక్కో లైను అయ్యాక "ప్రభువా, దీనికి జవాబు నువ్వే చూసుకో" అన్నా. ఆ తర్వాతే, మనల్ని హింసించేవాళ్ల కోసం ప్రార్థించమనే మత్తయి 5:44 ప్రకారం అన్నయ్య పేరు పెట్టి, తన షుగరు కోసం, వాళ్ల పాప ఇంటర్ పరీక్షల కోసం ప్రార్థన. అన్నిటికన్నా ఇదే కష్టం, మొదటివారం నోరే రాలేదు.

మూడోవారానికి దడ తగ్గింది. అన్నయ్య ఇప్పటికీ చర్చి మాట ఎత్తనివ్వడు, కానీ సంక్రాంతికి పాపతో అరిసెలు పంపాడు. అందరికీ ఇలాగే అవుద్దని చెప్పలేను. ఇంట్లో కొడుతుంటే మాత్రం ముందు అక్కడ్నించి బయటపడండి, నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పండి.