పిల్లల పుస్తకానికి ఆటపాటల ఫాంటు ఎంచుకునే ముందు జాగ్రత్తలు

బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగు, ఒడియా పక్కపక్కనే వేసే పుస్తకమైతే రెండు లిపులకూ ఒకే ఫాంటు కుటుంబం వెతకండి. తెలుగుకు బాలూ తమ్ముడు 2, ఒడియాకు బాలూ భైనా 2 చక్కగా జత కుదురుతాయి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వే, అమ్మే పుస్తకంలోనూ వాడుకోవచ్చు.

• ముందు ఒత్తులు చూడండి. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న టైపు చేయండి. అసలు చిక్కంతా ఇక్కడే: పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకితే, చదవడం నేర్చుకునే బిడ్డ అక్కడే ఆగిపోతుంది. రెండు వరుసల శీర్షికకు 24 పాయింట్ల అక్షరమైతే వరుస నుంచి వరుసకు దూరం (లీడింగ్) 38 పాయింట్ల నుంచి మొదలుపెట్టండి.

• ర–ఠ, ధ–థ తేడా లోపలి చుక్కలోనే ఉంది. లావు ఫాంటును చిన్నగా వేస్తే సిరా పరుచుకుని చుక్క పూడిపోతుంది. అందుకే లావు ఫాంటు శీర్షికకే. కథకు సాదా అక్షరం, 18 పాయింట్లు.

• పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, మన లిపులకు కావలసిన వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టారా? లేకపోతే ఒత్తులు విడిపోతాయి.

• అచ్చు వేసే కాగితం మీదే, అసలు సైజులో ఒక పేజీ తీసి చూడండి. ఒడియా పేజీని ఒడియా చదివేవారికే చూపించండి.

• అచ్చుకు పంపే ముందు అక్షరాలను అవుట్‌లైన్లు (బొమ్మ గీతలు) చేశాక అక్షరం దిద్దలేరు, మామూలు ఫైలు విడిగా దాచండి.