బెజవాడ ఎండలోనూ వానలోనూ రెయిడ్ బాస్‌కు తగిన ఆరింటిని ఎంచుకోవడం

పోకెమాన్ గో ఫోన్ ఆటలో రెయిడ్ అంటే కొందరు ఆటగాళ్లు కలిసి, తలా ఆరు పోకెమాన్‌ల జట్టుతో, బాస్ అనే ఒక బలమైన పోకెమాన్‌ను ఓడించే పోరు. ఐదు నక్షత్రాల రెయిడ్ బాస్‌కు 15,000 హెచ్‌పీ (ప్రాణశక్తి) ఉంటుంది. దాన్ని పడగొట్టడానికి ఆట మనకిచ్చే గడువు 300 సెకన్లు. అంటే ఆ లాబీలో (రెయిడ్‌కు ముందు ఆటగాళ్లు చేరే గదిలో) ఉన్నవారందరూ కలిసి సెకనుకు సగటున 50 పాయింట్ల డ్యామేజ్ చేయగలిగితేనే బాస్ పడుతుంది, లేకపోతే గడువు ముగిసి చేతులు ఖాళీగా మిగులుతాయి. మూడు నక్షత్రాల బాస్‌కు 3,600 హెచ్‌పీ, 180 సెకన్ల గడువు కాబట్టి సెకనుకు 20 చాలు. ఒక నక్షత్రం బాస్‌కు 600 మాత్రమే కనుక దాని కోసం జట్టు గురించి ఆలోచించడం దండగ. ఐదు నక్షత్రాల రెయిడ్‌లో మాత్రం ప్రతి సభ్యుడినీ ఒకే ప్రశ్న వేసి ఎంచుకోవాలి: ఈ బాస్ మీద, ఈ గడువులోగా, ఇది ఎంత కొట్టగలదు? ఎంతసేపు బతుకుతుందన్నది రెండో ప్రశ్న, సీపీ (పోకెమాన్ బలాన్ని చూపే మొత్తం అంకె) ఎంతన్నది బహుశా చివరి ప్రశ్న.

సీపీని అంతగా నమ్మకూడదనడానికి కారణం ఆ అంకెను లెక్కించే తీరులోనే ఉంది. అందులో దాడి, రక్షణ, హెచ్‌పీ మూడూ కలిసిపోతాయి, కానీ పోకెమాన్ ఏ మూవ్‌తో, అంటే ఏ రకం దెబ్బతో, కొడుతుందన్నది అసలు లెక్కలోకే రాదు. దీనికి స్లేకింగ్‌ను మించిన ఉదాహరణ లేదు. 40వ లెవెల్‌లో దాని సీపీ 4,400 దాటుతుంది, అయితే దానికున్న ఏకైక ఫాస్ట్ మూవ్ (వెంటవెంటనే కొట్టే మామూలు దెబ్బ) ‘యాన్’ బాస్‌కు చేసే డ్యామేజ్ సున్నా. బ్లిస్సీ కథ మరో రకం. దాని మూల హెచ్‌పీ (ఆ జాతి అంతటికీ ఒకటే అయిన అంకె) 496, మూల దాడి 129. ఆటలోని జిమ్ అనే కోటలో కాపలా పెడితే ఎదుటివారి ఓపికను పరీక్షిస్తుంది గానీ రెయిడ్‌లో దింపితే బాస్‌ను కదిలించలేక గడియారాన్ని మాత్రం తినేస్తుంది. లాబీలోకి వెళ్లగానే ఆట తనంతట తాను సూచించే ఆరు పోకెమాన్‌లలో కూడా ఎక్కువసేపు నిలబడే బరువైన పోకెమాన్‌లకే తరచు మొగ్గు కనిపిస్తుంది. బేసంట్ రోడ్డు రద్దీలో నడుస్తూ తొందరగా రెయిడ్‌లో చేరే కుర్రాళ్లు ఎక్కువమంది ఆ సూచననే ఒప్పుకుని ముందుకు పోతారు. ఐదారుగురు అలా వచ్చిన లాబీ ఓడిపోవడం, సరైన జట్లతో వచ్చిన ముగ్గురు అదే బాస్‌ను గెలవడం ఈ ఆటలో మామూలే.

ఎంపికకు మొదటి మెట్టు టైప్, అంటే ప్రతి పోకెమాన్‌కూ ప్రతి మూవ్‌కూ ఉండే ఫైర్, వాటర్, ఐస్ లాంటి రకం. బాస్ బలహీనతకు తగిన మూవ్‌తో కొడితే దెబ్బ 1.6 రెట్లవుతుంది. బాస్‌కున్న రెండు టైప్‌లూ ఆ మూవ్‌కు బలహీనమైతే 2.56 రెట్లవుతుంది. మూవ్ టైప్, కొట్టే పోకెమాన్ టైప్ ఒకటే అయితే మరో 1.2 రెట్లు కలుస్తుంది. రేక్వేజా డ్రాగన్, ఫ్లయింగ్ టైప్‌లు కలిగినది, ఆ రెండూ ఐస్‌కు బలహీనమే. కాబట్టి డ్రాగనైట్ డ్రాగన్ మూవ్‌తో కొడితే 1.6 రెట్లు, మామోస్వైన్ ఐస్ మూవ్‌తో కొడితే 2.56 రెట్లు పడుతుంది. డ్రాగనైట్ మూల దాడి 263, మామోస్వైన్‌ది 247. దాడిలో ఆరు శాతం ఎక్కువ ఉందని డ్రాగనైట్‌ను తీసుకుంటే టైప్ దగ్గర అరవై శాతం వదులుకున్నట్టే. పైగా రేక్వేజా డ్రాగన్ మూవ్‌లు డ్రాగనైట్‌కు కూడా 1.6 రెట్లు తగులుతాయి.

టైప్ సరిపోయినంత మాత్రాన పని పూర్తి కాదు, మూవ్‌లను విప్పి చూడాలి. మామోస్వైన్‌కు పౌడర్ స్నో, అవలాంచ్ ఉంటేనే అది ఐస్ యోధుడు. మడ్ స్లాప్, బుల్‌డోజ్ ఉన్న మామోస్వైన్ గ్రౌండ్ దెబ్బలు కొడుతుంది, అవి ఫ్లయింగ్ టైప్ రేక్వేజా మీద దాదాపు వృథా. చూడటానికి రెండూ ఒకటే పోకెమాన్, ఒకటే సీపీ. జట్టులో వేసే ముందు ప్రతిదాన్నీ తెరిచి రెండు మూవ్‌లూ (ఫాస్ట్ మూవ్, శక్తి నిండాక కొట్టే చార్జ్డ్ మూవ్) చదవడానికి పట్టే అర నిమిషం ఎప్పుడూ దండగ కాదు. మూవ్ సరిగా లేకపోతే ఫాస్ట్ టీఎమ్, చార్జ్డ్ టీఎమ్ అనే వస్తువులతో మార్చుకోవచ్చు. కమ్యూనిటీ డే అనే ఆటలోని ప్రత్యేక దినం నాడు మాత్రమే దొరికిన ప్రత్యేక మూవ్‌లు మామూలు టీఎమ్‌తో తిరిగి రావు, పైగా ఉన్నవి పోతాయి. కనుక అలాంటి మూవ్ ఉన్న పోకెమాన్ మీద తొందరపడి టీఎమ్ వాడకూడదు.

ఇక వాతావరణం. ఇతర దేశాల ఆటగాళ్లు తయారు చేసిన ర్యాంకుల పట్టికలను మన ఊళ్లో యథాతథంగా వాడితే మోసపోయేది ఇక్కడే. ఆటలో ప్రతి గంటకూ వాతావరణం మారుతుంది, దానికి సరిపోయే టైప్ మూవ్‌లకు 1.2 రెట్ల బలం చేరుతుంది. ఎండకు ఫైర్, గ్రాస్, గ్రౌండ్. వానకు వాటర్, ఎలక్ట్రిక్, బగ్. పాక్షిక మేఘాలకు నార్మల్, రాక్. మబ్బుకు ఫెయిరీ, ఫైటింగ్, పాయిజన్. గాలికి డ్రాగన్, ఫ్లయింగ్, సైకిక్. పొగమంచుకు డార్క్, ఘోస్ట్. మంచుకు ఐస్, స్టీల్ బలపడతాయి. విజయవాడలోనైనా గుంటూరులోనైనా మంచు కురవదు కాబట్టి ఇక్కడి ఆటగాడి ఐస్ జట్టుకు ఆ 1.2 రెట్లు ఏనాడూ దక్కవు. మరి గాలి వీచే రోజున రేక్వేజా మీదకు డ్రాగన్‌లనే తీసుకుపోవచ్చా? 1.6ను 1.2తో గుణిస్తే 1.92 వస్తుంది, ఐస్ ఏ సహాయమూ లేకుండానే 2.56. అదే గాలి బాస్ డ్రాగన్, ఫ్లయింగ్ మూవ్‌లనూ బలపరుస్తుందన్నది మరచిపోకూడదు. కాబట్టి మన దగ్గర కూడా రేక్వేజాకు ఐస్ జట్టే సరైనది, కాకపోతే ఒకరిద్దరు ఎక్కువగా చేరితే నిశ్చింత.

మన వాతావరణం అచ్చంగా కలిసొచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు గ్రౌడాన్ వచ్చిందనుకుందాం. గ్రౌడాన్ గ్రౌండ్ టైప్ కాబట్టి వాటర్, గ్రాస్, ఐస్ మూడింటికీ బలహీనం. ఎండలో గ్రాస్‌కు 1.2 రెట్లు చేరుతుంది, వాటర్‌కు చేరదు. అందుచేత వైన్ విప్, పవర్ విప్ ఉన్న టాంగ్రోత్‌లు, మంచి గ్రాస్ మూవ్‌లున్న సెప్టైల్‌లు ముందు వరుసలోకి రావాలి. చీకటి పడ్డాక ఆటలో ‘ఎండ’ స్థానంలో ‘నిర్మలాకాశం’ కనిపించినా బలపడే టైప్‌లు అవే. బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు జరిగే రెయిడ్ అవర్‌లో సూర్యుడు కృష్ణ అవతలికి దిగిపోయినా గ్రాస్ జట్టును మార్చనక్కరలేదు.

వర్షాకాలంలో కైయోగర్ వస్తే లెక్క తిరగబడుతుంది. వాటర్ టైప్‌కు గ్రాస్, ఎలక్ట్రిక్ రెండూ సమానంగా చేటు చేసేవే అయినా వాన కురిసేటప్పుడు ఎలక్ట్రిక్‌కే అదనపు బలం. పైగా కైయోగర్‌కు బ్లిజార్డ్ అనే ఐస్ మూవ్ ఉండే అవకాశం ఉంది, అది పడితే గ్రాస్ జట్టు నిమిషంలో ఖాళీ అవుతుంది. మాగ్నెజోన్ ఎలక్ట్రిక్, స్టీల్ టైప్‌లు కలిగినది కాబట్టి బ్లిజార్డ్‌నూ, కైయోగర్ వాడే మరో మూవ్ థండర్‌నూ తగ్గించుకుని స్వీకరిస్తుంది. స్పార్క్, వైల్డ్ చార్జ్ ఉన్న మాగ్నెజోన్‌లు రెండు మూడు, వాటికి తోడు రైకూ దొరికితే రైకూ. జూలై నుంచి సెప్టెంబరు వరకు బెజవాడలో నా సలహా ఇదే. ఆకాశాన్ని చూసి కాక లాబీలోకి వెళ్లే ముందు తెర మీది వాతావరణ గుర్తును చూసి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే బెంజ్ సర్కిల్‌లో జల్లు పడుతున్నా ఆటలో మబ్బు మాత్రమే చూపించవచ్చు.

బాస్ చార్జ్డ్ మూవ్ ఏమిటో ముందుగా తెలియదు. మొదటిసారి అది కొట్టినప్పుడు తెర మీద పేరు కనిపిస్తుంది, దాన్ని చదవడం అలవాటు చేసుకోవాలి. గ్రౌడాన్ ఎర్త్‌క్వేక్ మూవ్‌తోనో, సోలార్ బీమ్‌తోనో వస్తే గ్రాస్ జట్టుకు ఇబ్బంది లేదు, ఆ రెండూ గ్రాస్ మీద తగ్గి పడతాయి. ఫైర్ బ్లాస్ట్ కనిపిస్తే మాత్రం, ఎండలో దానికీ 1.2 రెట్లు చేరుతుంది కనుక, గ్రాస్‌ను వదిలి వాటర్‌కు మారడం తెలివి. మ్యూటూ విషయంలో తేడా ఇంకా తీవ్రం. టైరానిటార్ బైట్, క్రంచ్‌లతో మ్యూటూను బాగా కొడుతుంది, మ్యూటూ సైకిక్ దెబ్బలు టైరానిటార్ మీద 0.39 వంతే పడతాయి. కానీ మ్యూటూకు ఫోకస్ బ్లాస్ట్ ఉంటే, అది ఫైటింగ్ మూవ్ కావడం వల్ల, రాక్, డార్క్ టైప్‌లు రెండూ ఉన్న టైరానిటార్ మీద 2.56 రెట్లు పడుతుంది. అప్పుడు హెక్స్, షాడో బాల్ ఉన్న చాండలూర్ మేలు, ఎందుకంటే ఘోస్ట్ మీద ఫైటింగ్ మూవ్‌లు 0.39 వంతే పనిచేస్తాయి. ఈ కారణంగా ఒక్కో పెద్ద బాస్‌కు రెండేసి జట్లను బ్యాటిల్ పార్టీలుగా దాచిపెట్టుకోవడం మంచిది.

ఇంతవరకు ఏ జాతి కావాలన్నది తేలింది. అదే జాతిలో ఏదాన్ని పెంచాలి, ఎంతవరకు పెంచాలి అన్న ప్రశ్న దగ్గర చాలామంది స్టార్‌డస్ట్‌ను (లెవెల్ పెంచడానికి ఖర్చు చేసే ఆటలోని నిధిని) కృష్ణార్పణం చేస్తారు. ఒక్కో పోకెమాన్‌కు దాడి, రక్షణ, హెచ్‌పీలకు విడిగా చేరే 0 నుంచి 15 వరకు విలువలు మూడూ 15 ఉన్న ‘హండో’ దొరికేదాకా ఆగుదామనే ఆలోచన రెయిడ్‌ల వరకు అనవసరం. మామోస్వైన్ మూల దాడి 247 కాబట్టి దాడి విలువ సున్నా ఉన్నదానికీ 15 ఉన్నదానికీ తేడా ఆరు శాతం మాత్రమే. లెవెల్ తేడా అంతకన్నా పెద్దది. 20వ లెవెల్ నుంచి 30కి పెంచితే బలం సుమారు 22 శాతం పెరుగుతుంది, అందుకు 75,000 స్టార్‌డస్ట్ అవుతుంది. 30 నుంచి 40కి పెంచితే పెరిగేది ఎనిమిది శాతమే, ఖర్చు మాత్రం 1,50,000. ఒక పోకెమాన్‌ను 40కి చేర్చే ఆ రెండో విడత స్టార్‌డస్ట్‌తో మరో రెండింటిని 20 నుంచి 30కి తేవచ్చు. హాస్టల్‌లో ఉంటూ వారానికి ఒకటి రెండు సాయంత్రాలు మాత్రమే బయటికి వచ్చే ఇంటర్ పిల్లలకు స్టార్‌డస్ట్ అంత తేలిగ్గా రాదు. వాళ్లు ఒక్కో టైప్‌కు ఆరింటిని 30వ లెవెల్‌కు చేర్చడమే ముందు చూసుకోవాలని నేనంటాను. 40 దాటించడానికి ఎక్స్‌ఎల్ క్యాండీ అనే మరో వస్తువు కూడా కావాలి కాబట్టి అది బాగా తీరిక ఉన్నవాళ్ల వ్యవహారం. మిత్రులతో పోకెమాన్‌ల మార్పిడిలో ‘లక్కీ’గా మారినవాటికి స్టార్‌డస్ట్ సగమే పడుతుంది, పెంచే వరుసలో వాటిని ముందుంచాలి.

షాడో పోకెమాన్‌లను (ఆటలోని టీమ్ గో రాకెట్ ముఠా నుంచి విడిపించి పట్టుకున్నవాటిని) శుద్ధి చేసే బటన్ చూడగానే నొక్కేవాళ్లకు ఒక మాట. షాడో పోకెమాన్ దెబ్బ 20 శాతం ఎక్కువ, అది తినే దెబ్బ కూడా 20 శాతం ఎక్కువ. గడువుతో పోటీ పడే రెయిడ్‌లో ఈ బేరం దాదాపు ఎప్పుడూ లాభమే. షాడో మామోస్వైన్ దొరికితే, దాని విలువలు ఎంత నాసిరకంగా ఉన్నా, శుద్ధి చేయకుండా జట్టులో ఉంచాలి.

మెగా పోకెమాన్ (తాత్కాలికంగా మరింత బలమైన రూపానికి మారినది) ఒక్కటి ఆరింటిలో ఉండటం మంచిది. అది బరిలో నిలిచి ఉన్నంతసేపు పక్కవాళ్ల దెబ్బలకు 1.1 రెట్లు, తన టైప్‌కు సరిపోయే మూవ్‌లకైతే 1.3 రెట్లు చేరుస్తుంది. ఐస్ జట్టుకు మెగా అబొమాస్నో, గ్రాస్ జట్టుకు మెగా వీనసార్, ఎలక్ట్రిక్ జట్టుకు మెగా మనెక్ట్రిక్. నలుగురూ ఒకేసారి మెగాలను దింపినా ఆ రెట్లు ఒకదానిపై ఒకటి చేరవు. కాబట్టి రాజీవ్ గాంధీ పార్కు దగ్గర నలుగురు మిత్రులు కలిసి ఆడుతుంటే ఒకరు మెగాను మొదటి స్థానంలో, మరొకరు మూడో స్థానంలో, ఇంకొకరు చివర పెట్టుకుంటే యుద్ధం పొడుగునా ఏదో ఒక మెగా బరిలో ఉంటుంది. ఆటలో స్నేహితులుగా చేరినవారు ఒకే లాబీలో ఉంటే దాడికి కొంత అదనపు బలం వస్తుంది కనుక వాళ్లు వేర్వేరు లాబీల్లోకి చెదిరిపోకుండా చూసుకోవాలి.

ఆరింటి వరుసలో ముందు గట్టిగా కొట్టేవి, చివర కొంచెం నిలబడేవి ఉండాలి. బాస్ చార్జ్డ్ మూవ్‌ను సరైన క్షణంలో తప్పించుకుంటే (డాడ్జ్ చేస్తే) దెబ్బ పావు వంతుకు తగ్గుతుంది. అయితే మే నెల మధ్యాహ్నం ఫోన్ వేడెక్కి తెర మందగించినప్పుడు డాడ్జ్ మీద ఆధారపడటం కష్టం. ఆ వేళల్లో నీడ చూసుకుని నిలబడాలి, లేదా డాడ్జ్ చేయకుండానే గెలవడానికి సరిపడా మందిని పోగు చేయాలి.

మీ ఆరూ పడిపోయినా గడియారం ఆగదు. లాబీలోకి తిరిగి వెళ్లి ఒక్కొక్కదానికీ రివైవ్, పోషన్ (లేపే, నయం చేసే వస్తువులు) వాడుతుంటే ఇరవై ముప్పై సెకన్లు ఇట్టే పోతాయి, ఆ లోపు మీ వంతు డ్యామేజ్ సున్నా. ముందే దాచిన రెండో పార్టీని ఎంచుకుని వెంటనే దిగాలి. రెండో పార్టీ లేకపోతే కనీసం మొదటి రెండింటిని మాక్స్ రివైవ్‌తో లేపి, మిగతా నాలుగింటిని అలాగే వదిలేసి బరిలోకి తిరిగి వెళ్లాలి.