తుమ్మకాయని చెవికి వేలాడదీయడం ఎలా

డిజైన్ అనగానే పింటరెస్ట్ తెరిచే అలవాటుంటే ఒక వారం మానేయండి. మన పాత నగల పేర్లు ఒకసారి పైకి అనుకుని చూడండి: మామిడి పిందెల హారం, మల్లెమొగ్గల గొలుసు, చంద్రవంక, నాగరం. కంసాలి పెరట్లోకీ ఆకాశంలోకీ చూసి చేసినవే ఇవన్నీ. నాకు దొరికింది నల్లతుమ్మకాయ. గింజకీ గింజకీ మధ్య నొక్కుకుపోయి, బూడిదరంగు నూగుతో, అచ్చం గుచ్చిన పూసల్లా ఉంటుంది. చిన్నప్పుడు మేకల కోసం కొట్టి రాల్చేవాళ్లం, అది నగలా ఉందని మాత్రం అప్పుడు తట్టలేదు.

కాయని ఎదురుగా పెట్టుకుని ఓ ఇరవైసార్లు గీయండి. మొదటి పదీ ఫోటోలాగే వస్తాయి, వాటితో పనిలేదు. ఆ తర్వాత చెయ్యి విసుగెత్తి అక్కర్లేనివన్నీ వదిలేయడం మొదలుపెడుతుంది, చివరికి మిగిలిందే మీ డిజైన్. నాకు మిగిలింది గింజల మధ్య ఆ సన్నటి మెడ. కాయలో పది గింజలున్నా చెవికి మూడు చాలు. అసలు సైజులో కాగితం కత్తిరించి, టేపుతో చెవికి అంటించుకుని అద్దంలో చూసుకోండి, నవ్వొచ్చినా సరే. ఫోన్లో ముద్దుగా ఉన్నది దవడ పక్కన పలకలా వేలాడటం చాలాసార్లు చూశాను.

వెండి రేటు తెలిసిందే కాబట్టి మొదటి జత అర మిల్లీమీటరు రాగి రేకుతో చేయండి. రాగి జతని తూచి 1.16తో హెచ్చవేస్తే వెండిలో ఎంత తూగుతుందో ఇంచుమించు తేలిపోతుంది. ఒక్కో చెవికి 10 గ్రాములు దాటితే నేనైతే చేయను, సాయంత్రానికి చెవి సాగుతుంది.

ఇక పని. గుండ్రటి బిళ్ళలు కోసి, గదిలో లైటు తగ్గించి (వెలుతురులో ఎరుపు తెలియదు) మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే రేకు మెత్తబడుతుంది. గుంటల దిమ్మలో పెట్టి గిన్నెలా వంగేదాకా కొట్టండి, గట్టిపడినట్టు చేతికి తెలియగానే మళ్లీ కాల్చండి, మొండిగా కొడితే అంచు చీలుతుంది. రెండు సగాలు కలిపి, వెలిగారం (బోరాక్స్) రాసి, వెండి టంకంతో అతికేముందు ఒకదానికి సన్నటి చిల్లు తప్పకుండా పెట్టండి. నా మొదటి గుండుకి పెట్టలేదు. లోపలి గాలి వేడెక్కి టప్ మని పేలింది, అతుకు విడిపోయి సగం ముక్క బల్ల కింద దొరికింది. అతుకు చల్లారాక పటిక కలిపిన వేడినీళ్లలో వేస్తే నలుపు పోతుంది, కానీ అందులో ఇనుప పట్టకారు ముంచారంటే వెండికి రాగిరంగు పట్టేస్తుంది, చెక్కదో ఇత్తడిదో వాడండి.

కొక్కేనికి 0.8 మిల్లీమీటర్ల తీగ సరిపోతుంది, కమ్మచ్చులోంచి (తీగని సన్నగా లాగే చిల్లుల పలక) లాగుకున్నా కొనుక్కున్నా ఒకటే. తీగ మొనని మాత్రం ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి.

తుమ్మకాయ బూడిదరంగు కావాలంటే ఉడికించిన గుడ్డు వేడిగా ఉండగానే చిదిమి, వెండి జతతోపాటే, దానికి తగలకుండా ఒక డబ్బాలో పెట్టి మూత బిగించండి. గుడ్డులోని గంధకానికి వెండి నల్లబడుతుంది. అరగంటకోసారి చూసుకుంటూ చాలనుకున్నప్పుడు తీసి, గుడ్డతో ఉబ్బెత్తు చోట్ల మాత్రమే రుద్దండి: గింజలు మెరుస్తాయి, మెడలు నల్లగానే ఉంటాయి. డబ్బా మూత తీసేటప్పుడు వంటింటి కిటికీ తెరిచిపెట్టుకోండి.