ప్రమాదంలో చెయ్యో కాలో పనికిరాకుండా పోతే: సురక్ష బీమా క్లెయిమ్ దరఖాస్తు విధానం

సొంత ఆటో నడుపుకునేవారికి, కుట్టుమిషన్ మీద బతికేవారికి, తాళ్లెక్కే గీత కార్మికులకు ఈఎస్ఐ ఉండదు, జీతంతో కూడిన సెలవూ ఉండదు. అలాంటి చాలామంది ఖాతాల్లోంచి ఏటా 20 రూపాయలు ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన (పీఎంఎస్‌బీవై) కింద కట్ అవుతుంటాయి. 2022 జూన్‌కు ముందు 12 రూపాయలే. అది చనిపోతే వచ్చే బీమా అని జనంలో పాతుకుపోయింది. దాంతో ప్రాణాలతో బయటపడి కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లు అసలు అడగనే అడగరు.

ఏ నష్టానికి ఎంత

రెండు కళ్లు గానీ, రెండు చేతులు గానీ, రెండు కాళ్లు గానీ శాశ్వతంగా పోతే 2 లక్షలు. ఒక కన్నుతో పాటు ఒక చెయ్యి లేదా కాలు పోయినా అంతే. ఒక్క కన్ను, ఒక్క చెయ్యి, ఒక్క కాలు అయితే లక్ష. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: అవయవం తెగిపడాల్సిన పని లేదు. చెయ్యి ఉండి, నరం దెబ్బతిని ఇక ఎప్పటికీ పనిచేయదని తేలినా నష్టం కిందే లెక్క. అదే ఎముక విరిగి, ఆరు నెలలు మంచాన పడి, తర్వాత కోలుకుంటే రూపాయి రాదు. ఆసుపత్రి ఖర్చులూ ఇవ్వరు. ప్రమాదం కాని పక్షవాతం, షుగర్ వల్ల తీసేసిన కాలు దీని పరిధిలోకి రావు.

ముందు పాస్‌బుక్ చూడండి

వయసు 18 నుంచి 70 లోపు ఉండాలి. బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 దాకా. మే చివర్లో ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే కట్ కాదు, బీమా ఆగిపోతుంది. ఆగస్టులో మళ్లీ చేరితే డబ్బు కట్ అయిన రోజు నుంచే రక్షణ. జూలైలో జరిగిన ప్రమాదానికి వర్తించదు. కాబట్టి ప్రమాదం తేదీకి ముందు కోత పడిందో లేదో ఎంట్రీలో వెతకండి. 436 రూపాయల కోత కనిపిస్తే అది జీవన్ జ్యోతి, వేరే పథకం. అందులో అంగవైకల్యానికి ఏమీ లేదు. మూడు బ్యాంకుల్లో మూడుసార్లు కట్టినా ఒక్క క్లెయిమే ఇస్తారు. ఉమ్మడి ఖాతాలో భార్యాభర్తలిద్దరికీ కావాలంటే ఇద్దరి పేరా విడివిడిగా కట్ కావాలి.

ఆసుపత్రిలో రాసే మొదటి ముక్క

క్లెయిమ్ నిలిచేదీ కూలేదీ చాలాసార్లు ఇక్కడే. తాటిచెట్టు మీంచి పడ్డ మనిషిని తీసుకెళ్లినప్పుడు, కంగారులో వెంట వచ్చినవాళ్లు 'నడుం నొప్పి' అంటారు, చీటీలో అదే ఎక్కుతుంది. ఆర్నెల్ల తర్వాత బీమా కంపెనీ ఆ చీటీనే పట్టుకుని ప్రమాదం ఎక్కడుంది అని అడుగుతుంది. 'ఉదయం 7 గంటలకు తాటిచెట్టు పైనుంచి జారిపడ్డాడు' అని తేదీతో రాయించండి. రోడ్డు, రైలు ప్రమాదాలకు, నేరం వల్ల తగిలిన దెబ్బలకు పోలీసు ఫిర్యాదు, ఎఫ్ఐఆర్ కావాలి. చెట్టు మీంచి పడటం, పాము కాటు లాంటివాటికి వెంటనే చేరిన ఆసుపత్రి రికార్డు చాలు. అందుకే ముందు నాటువైద్యం చేయించి పది రోజుల తర్వాత ఆసుపత్రికి వెళ్లినవారి కేసు బలహీనపడుతుంది.

దరఖాస్తు

క్లెయిమ్ ఫారం జనసురక్ష వెబ్‌సైట్‌లో తెలుగులోనూ దొరుకుతుంది, బ్యాంకులోనూ ఇస్తారు. 20 రూపాయలు కట్ అయిన బ్రాంచిలోనే ఇవ్వాలి. ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు అన్నది నిబంధన. చిక్కేమిటంటే, చెయ్యి శాశ్వతంగా పోయిందో లేదో డాక్టర్లు నెలలో చెప్పరు. అందుకని ముందు ఫారం, ఆసుపత్రి కాగితాలు ఇచ్చి, 'వైకల్య ధ్రువపత్రం తర్వాత సమర్పిస్తాను' అని ఒక లేఖ జతచేసి, నకలు మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. నోటి మాటకు విలువ లేదు.

జతపరచాల్సినవి: డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే లేదా స్కాన్ రిపోర్టులు, అవసరమైన చోట ఎఫ్ఐఆర్ లేదా పంచనామా, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, సివిల్ సర్జన్ (ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు) ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం, సంతకం చేసిన డిశ్చార్జి రసీదు (ఇది ఆసుపత్రిది కాదు, బీమా సొమ్ము ముట్టినట్టు కంపెనీకి ఇచ్చే రసీదు). ఆధార్‌లో, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా లేకపోతే ముందే సరిచేయించండి.

ధ్రువపత్రం దగ్గర పొరపాటు ఎక్కువ. దివ్యాంగులకు ప్రభుత్వం ఇచ్చే సదరం పత్రంలో వైకల్యం 50 శాతం, 60 శాతం అని ఉంటుంది. పింఛనుకు శాతమే లెక్క, కనీసం 40 ఉండాలి. ఈ బీమాకు శాతంతో పని లేదు. 'కుడిచేయి వినియోగం పూర్తిగా, శాశ్వతంగా పోయింది' అన్న అర్థం వచ్చే వాక్యం కావాలి. అది లేకపోతే డాక్టరును అడిగి విడిగా రాయించుకోండి.

ఫారంలో ప్రీమియం కట్ అయిన తేదీ నింపి ధ్రువీకరించాల్సింది బ్యాంకు. బ్యాంకు 30 రోజుల్లో బీమా కంపెనీకి పంపాలి, కంపెనీ మరో 30 రోజుల్లో తేల్చాలి. డబ్బు మీ ఖాతాలోకే వస్తుంది.

తిరస్కరిస్తే

కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు; రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆలస్యమైందన్న ఒక్క సాకుతో తోసిపుచ్చితే, నిజమైన క్లెయిమును ఆలస్యం పేరిట యాంత్రికంగా తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు చెప్పిన సంగతి ఫిర్యాదులో రాయండి.

ఈ డబ్బు తీసుకుంటే దివ్యాంగుల పింఛను పోతుందని కొందరు భయపెడతారు. అది బీమా, ఇది పింఛను; రెండింటికీ విడివిడిగా దరఖాస్తు చేసుకోవచ్చు.