చలికాలం సముద్రంలో తెడ్డు పడవ: దింపే ముందు చేసుకోవాల్సిన పనులు

జూన్‌లో సెవెంటీ48 రేసుకి దిగాలనుకుంటే పడవని జనవరిలోనే నీళ్లలో పెట్టి చూడండి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా నుంచి పోర్ట్ టౌన్‌సెండ్ దాకా 70 మైళ్లు, 48 గంటల్లో వెళ్లాలి. మోటారు లేదు, తెరచాప లేదు, తెడ్డో పెడలో, మన ఒంట్లో ఉన్న ఓపికో, అంతే. ఎండలో ఏ పడవైనా బుద్ధిగానే నడుస్తుంది, దాని అసలు రంగు బయటపడేది సియాటిల్ చలికాలపు వానలోనే.

ముందు గరాజ్ పని. మాలాగా ప్లైవుడ్‌తో ఇంట్లోనే కట్టుకున్న పడవైతే మిగిలిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే గట్టి జిగురు) పనికి హీటర్ పెట్టుకోక తప్పదు, ఎందుకంటే 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే చాలా ఎపాక్సీలు సరిగ్గా గట్టిపడవు. చలికి, తేమకి పైన మైనంలాంటి జిడ్డు కూడా తేరుతుంది. దాన్ని ముందు నీళ్లతో, స్క్రబ్‌తో తోమి ఆరాకే సాండ్‌పేపర్ పట్టాలి. నేను ఆత్రం కొద్దీ ముందే రుద్దేసి రంగు వేశాను, నెల తిరక్కుండా అరటితొక్కలా ఊడొచ్చింది.

తర్వాత, సముద్రం సంగతి పక్కన పెట్టి, లేక్ సమామిష్‌లో నడుంలోతు నీళ్లలో పడవని కావాలనే ముంచండి. బకెట్లతో నింపేసి చూడండి: మట్టంగా తేలుతోందా, ముక్కు కిందికి పోతోందా? మాది వెనకవైపు కుంగిపోయింది, అక్కడ ఇంకో గాలి సంచి కట్టాల్సి వచ్చింది. ఆ నీళ్లు తోడెయ్యడానికి ఎంతసేపు పట్టిందో టైమ్ చూసుకోండి. తర్వాత మీరే నీళ్లలో పడి మళ్లీ పడవెక్కండి, ఒకసారి కాదు, అలిసిపోయేదాకా. స్పీడు లెక్కలు ఆ తర్వాత.

చలికాలంలో ప్యూజెట్ సౌండ్, అంటే సియాటిల్ ఒడ్డున ఉన్న సముద్రపు పాయ నీళ్లు 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటాయి. పడ్డ మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, తర్వాత ఓ పది నిమిషాలే చేతులు మాట వింటాయి. అందుకని ఇంట్లోనే ఈ పరీక్ష పెట్టుకోండి. బకెట్‌లో నీళ్లు, ఐసు వేసి థర్మామీటర్‌తో 8 డిగ్రీలకి తెచ్చి, చేతులు ఐదు నిమిషాలు ముంచి ఉంచండి. తీసిన వెంటనే లైఫ్ జాకెట్ బకిల్ ఊడదీయండి, వీహెచ్ఎఫ్ రేడియోలో (పడవల్లో మాట్లాడుకునే రేడియో) ఆపదలో సాయం పిలిచే 16వ ఛానల్ పెట్టండి, చిక్కీ కవర్ చింపండి. బొటనవేలు మొండికేసింది నాకు, కవర్ పళ్లతో చింపాల్సి వచ్చింది. అప్పటినుంచి చిక్కీలు ముందే ముక్కలు చేసి పెద్ద మూత డబ్బాలో పోస్తున్నా, రేడియోని తాడుతో లైఫ్ జాకెట్‌కే కట్టేశా.

డ్రై సూట్ (లోపలికి నీళ్లు రానివ్వని సూట్) లేకుండా మాత్రం నీళ్లలోకి దిగకండి, ఇందులో బేరం లేదు. లోపల ఉన్ని బట్టలు వేసుకోండి, కాటన్ వద్దు. ఫ్లాస్క్‌లో వేడి చారు పోసుకోండి, కాఫీ కంటే నయం.

పెడల్ పడవైతే చెయిన్‌కి మెరైన్ గ్రీజు పట్టించి, దిగిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి, ఉప్పు వారంలో తినేస్తుంది.

ఇక సముద్రం. మొదటిరోజు సియాటిల్‌లో గోల్డెన్ గార్డెన్స్ బీచ్ దగ్గర ఒడ్డు వెంబడే తిరగండి, ఫెర్రీ దారుల వైపు వెళ్లకండి. ఆటుపోట్ల పట్టిక, గాలి దిశ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇక్కడ చలికాలం తుఫానుగాలి ఎక్కువగా దక్షిణం నుంచి వస్తుంది, నీళ్లు దానికి ఎదురు పారే గంటల్లో అలలు పొట్టిగా, నిలువుగా లేచి తెడ్డు పడనివ్వవు. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకి ఇచ్చే వాతావరణ హెచ్చరిక) ఉంటే ఇంట్లో పడుకోండి. పెద్ద పోట్లప్పుడు ఒడ్డున ఉన్న దుంగలు తేలి వస్తాయి, సగం మునిగి ఉంటాయి కాబట్టి దగ్గరికొచ్చేదాకా కనపడవు. డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, తెల్ల లైటు చేతికందేలా పెట్టుకోండి, మధ్యాహ్నం రెండింటికల్లా ఒడ్డుకి తిరగండి.

ఒడ్డున దిగగానే, కారు హీటర్ వెయ్యకముందే, ఏది వదులైంది, ఏది తడిసింది అన్నీ ఫోన్‌లో చెప్పి రికార్డ్ చేసుకోండి. వేడినీళ్ల స్నానం అయ్యాక అన్నీ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నా మొదటి రికార్డింగ్ మూడు నిమిషాలుంది, అందులో సగం పళ్లు టకటకలాడిన చప్పుడే, కానీ సీటు చక్రం పట్టేసిన సంగతి అది విన్నాకే గుర్తొచ్చింది.