పిల్లగూబల్లో ఏది స్పాటెడ్, ఏది జంగిల్? గుర్తుపట్టడం ఎలా?

తిరుపతిలో మసకచీకటి పడేసరికి చింతచెట్టు తొర్రలోంచో, కరెంటు తీగ మీంచో గుడ్లురిమి చూసే చిన్న గూబ చాలావరకు స్పాటెడ్ ఔలెట్టే. శేషాచలం అంచులకో, తలకోన దారికో వెళ్తే దాని అడవి చుట్టం జంగిల్ ఔలెట్ కూడా తగులుతుంది. రెండూ గోరింక కంటే కాస్త చిన్నవి: మొదటిది 21 సెం.మీ., రెండోది 20. రెండింటికీ పసుపు కళ్లే, నెత్తిన కుచ్చులు దేనికీ ఉండవు. కాబట్టి సైజు, కంటి రంగు పక్కన పెట్టండి. తేల్చేవి నడినెత్తి, మెడ వెనుక భాగం, కూత.

1. వేళ చూసుకోండి. సూర్యాస్తమయానికి పావుగంట ముందే వెళ్లి కదలకుండా కూర్చోండి. ఇక్కడ జనవరిలో ఆరుకు, జూన్‌లో ఆరున్నర దాటాక పొద్దుగూకుతుంది. తర్వాతి అరగంటే అసలు సమయం: కూతలు మొదలవుతాయి, రంగు తెలిసేంత వెలుతురూ ఉంటుంది. 8×42 బైనాక్యులర్ చాలు.

2. ముందు నెత్తి చూడండి. స్పాటెడ్ నెత్తి మీద బియ్యపు నూక చల్లినట్టు తెల్లటి చుక్కలుంటాయి, వీపు మీద అవే పెద్దవవుతాయి. జంగిల్‌కు నెత్తి నుంచి వీపు దాకా సన్నటి అడ్డచారలే, చుక్కలు కనబడవు. పిట్ట తల వెనక్కి తిప్పేదాకా ఆగండి, గూబలు ఎలాగూ తిప్పుతాయి. మెడ వెనుక తెగినట్టుండే తెల్లటి పట్టీ, కళ్ల పైన కొట్టొచ్చినట్టు తెల్లటి కనుబొమలు ఉంటే స్పాటెడ్. జంగిల్‌కు ఆ పట్టీ ఉండదు. మూసిన రెక్కలో ఇటుకరంగు ఛాయ కనిపిస్తే జంగిల్ అనడానికి ఇంకో ఆధారం దొరికినట్టే.

ఎక్కువమంది పొరబడేది పొట్ట దగ్గర. స్పాటెడ్ పొట్ట మీది గోధుమరంగు మచ్చలు ఒకదానికొకటి కలిసి చారల్లా కనబడతాయి. కింద నుంచి తీసిన ఫోటో ఒక్కటే చూసి జంగిల్ అనేస్తారు. పొట్టను నమ్ముకోకండి.

3. చెవి పెట్టండి. చీకట్లో కంటికన్నా ఇదే నయం. స్పాటెడ్ జంటలు, గుంపులు కీచుగా 'చిర్ర్... చిర్ర్... చీవక్-చీవక్' అంటూ పోట్లాడుకుంటున్నట్టు గోల చేస్తాయి. జంగిల్ నెమ్మదిగా 'కావ్... కావ్...' అని మొదలుపెట్టి, వేగం పెంచి 'కావ్-కుక్, కావ్-కుక్'లోకి దిగి, చివరికి సన్నగిల్లి ఆగిపోతుంది. ఈ వేగం మారడమే గుర్తు. ఫోన్‌లో ముప్పై సెకన్లు రికార్డు చేస్తే ఇంట్లో తీరిగ్గా పోల్చుకోవచ్చు.

పట్టపగలు చిన్నపిట్టలు ఒకే కొమ్మ చుట్టూ చేరి అరుస్తుంటే అక్కడ వెతకండి. జంగిల్ ఔలెట్ పగలు కూడా తిరుగుతుంది, బుల్‌బుల్‌లూ తేనెపిట్టలూ దాన్ని వదలవు. చెవుల్లాంటి కుచ్చులు కనిపిస్తే మాత్రం ఈ రెండూ కావు, అది స్కాప్స్ ఔల్ అనే ఇంకో రకం చిన్న గూబ అయుంటుంది.

4. చేయకూడనివి. కూతను స్పీకర్లో మళ్లీ మళ్లీ వినిపించొద్దు. ఇంకో గూబ తన హద్దులోకి వచ్చిందనుకుని పిట్ట వేట మానేసి తిరుగుతుంది. స్పాటెడ్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, జంగిల్ ముఖ్యంగా మార్చి–మే మధ్య గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో తొర్ర దగ్గరికి అసలు పోవద్దు. టార్చికి ఎర్ర కాగితం చుట్టి, కళ్లలోకి కాకుండా పక్కకు రెండు మూడు సెకన్లు వేస్తే చాలు. ఫ్లాష్ వద్దు. అడవిలోకి అనుమతి లేకుండా, ఒంటరిగా వెళ్లకండి. 2023లో అలిపిరి నడకదారిలోనే చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైంది.

5. రాసుకోండి. తేదీ, సమయం, చోటు, నెత్తి ఎలా ఉంది, ఏమని కూసింది. చోటు చూసి పేరు పెట్టేయకండి. కొండను ఆనుకున్న కపిలతీర్థం, జూపార్కు వైపు రెండింటికీ అవకాశం ఉంది. నెత్తి కనబడక, కూత వినబడకపోతే 'ఔలెట్' అని మాత్రమే రాసి, మర్నాడు సాయంత్రం అదే చెట్టు దగ్గరికి వెళ్లండి. స్పాటెడ్ అయితే రోజూ అదే తొర్రలో పగలు గడుపుతుంది కాబట్టి మళ్లీ దొరికే అవకాశం ఎక్కువ.